చర్చి గోడ మీద రొట్టె కొలత

"మధ్యయుగాల్లో యూరప్ చర్చిలు కట్టిన రాతి పనివాళ్ళ సంఘాల రహస్యాలేమిటి? వాళ్ళు రోజూ ఏం తినేవాళ్ళు?" అని అడిగారు. రెండో ప్రశ్న అడిగినందుకు మీకు దండం. మొదటిదాని మీద యూట్యూబ్ నిండా వీడియోలే, అన్నిట్లోనూ రహస్య గుర్తుల గోలే. రాళ్ళ మీది ఆ గుర్తులు చాలావరకు కూలి లెక్కలు. ఎవరు చెక్కిన రాయి మీద వాళ్ళ గుర్తు ఉంటుంది, దాన్ని బట్టి డబ్బులిస్తారు. మా తాత బేతంచెర్ల దగ్గర నాపరాయి గనుల్లో పనిచేసేటప్పుడు తన బండల మీద బొగ్గుతో గీత గీసేవాడు. అందులో రహస్యం ఏముంది?

జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో రెండేళ్ళు చదువుకున్నాను. మొదటి చలికాలంలో ఒక శనివారం, సంతలో కూరగాయలు కొని చలికి తాళలేక అక్కడి పెద్ద చర్చి వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాను. పక్క గోడ మీద రొట్టె ఆకారాలు చెక్కి ఉన్నాయి. పక్కనే 1270, 1317, 1320 అని సంవత్సరాలు. కూరగాయలు అమ్మే పెద్దావిడను అడిగితే చెప్పింది: రొట్టె చిన్నదని అనుమానం వస్తే తెచ్చి ఈ గీతలో పెట్టి చూసుకునేవాళ్ళట. ఆ రోజుల్లో ధర కదలదు, ధాన్యం కరువైతే రొట్టె చిన్నదవుతుంది. 1317 అంటే ఉత్తర యూరప్ కరువుతో అల్లాడిన కాలం. చర్చి గోపురం పూర్తయింది 1330 ప్రాంతంలో. అంటే పైన రాళ్ళు ఎక్కించినవాళ్ళు తిన్నది కింద గోడ మీద కొలత ఉన్న ఆ రొట్టెనే. గ్లవ్ తీసి ఆ గీతలో అరచెయ్యి పెట్టాను. నాకు ఏడుపొచ్చింది.

ఆ రాత్రే తాతకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన మొదటి మాట, "నంజుకోను ఏముండేది రా?"

బఠాణీలో, చిక్కుడు గింజలో, క్యాబేజీయో వేసి చిక్కగా కాచిన జావ. పలచటి బీరు. శుక్రవారం మాంసం నిషేధం, దొరికితే ఉప్పు చేప. బంగాళాదుంప మాత్రం లేదు, అది అమెరికా నుంచి తర్వాత వచ్చింది. "మధ్యయుగ భోజనం" అని బోర్డు పెట్టి టూరిస్టులకు వేయించిన బంగాళాదుంపలు వడ్డించే హోటళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇంగ్లండులో యార్క్ చర్చి పనివాళ్ళకు రాసిన నియమాల్లో, వేసవిలో మధ్యాహ్నం తిన్నాక పని పాకలోనే కాసేపు నిద్రపోవచ్చని ఉంది. రాయి కొట్టే ఒంటికి ఆ కునుకు ఎంత అవసరమో మా తాతకు ఎవరూ చెప్పక్కర్లేదు. సద్ది తిని, బండ నీడలో తలపాగా పరుచుకుని పడుకునేవాడు. ఆయన కాంట్రాక్టర్ దానికీ కూలి కోసేవాడు.

కారం కూడా లేదని చెబితే తాత నమ్మలేదు. "కారం లేకుండా సమ్మెట ఎట్లా లేపినారు?" మన దగ్గర మాత్రం ఉందా? 1213 నాటి రామప్ప గుడి చెక్కినవాళ్ళూ మిరపకాయ ఎరగరు, మిరియాలే. అది విని ఫోన్‌లో చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సంగటయినా ఉండేదా వాళ్ళకు?" అని అడిగాడు.