కార్తీకంలో సైకిల్ సాధన, ఇంటి వంట: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నా వయసు నలభై. కొబ్బరి వ్యాపారం చేస్తాను. తీరిక వేళల్లో సైకిల్ తొక్కే అలవాటుంది. జనవరిలో 200 కిలోమీటర్ల బ్రెవేలో (గడువులోగా పూర్తి చేయవలసిన దూరపు సైకిల్ రైడ్‌లో) పాల్గొనాలని ఉంది. అయితే కార్తీక మాసమంతా మా ఇంట్లో నీసు ఉండదు, సోమవారాలు నేనూ నక్తం (పగలంతా ఉపవాసం, రాత్రి భోజనం) ఉంటాను. సాధన పెంచవలసిన నెలలో ఈ తిండితో శక్తి చాలుతుందా? మిత్రులు ప్రొటీన్ పొడి కొనమంటున్నారు. – ఒక పాఠకుడు, అంబాజీపేట

జవాబు: మీరు నియమం మానుకోనక్కరలేదు, పొడి డబ్బాలూ కొననక్కరలేదు. మార్చుకోవలసింది వారంలో రోజుల అమరిక మాత్రమే. ఆదివారం దూరం తొక్కి సోమవారం విశ్రాంతి తీసుకోవడం చాలామందికి అలవాటు, ఉపవాసం కూడా ఆ రోజే పడితే కలిసివచ్చిందనుకుంటారు. నా మట్టుకు అది సరైన పద్ధతి కాదు. దూరం తొక్కిన మర్నాటి వరకు కండరాలు ఖర్చయిన గ్లైకోజెన్‌ను (నిల్వ ఉంచుకునే పిండిపదార్థాన్ని) తిరిగి నింపుకుంటూనే ఉంటాయి కాబట్టి, సరిగ్గా ఆ వేళకు పగలంతా అన్నం లేకుండా ఉంటే మంగళవారం తెల్లవారుజామున కాళ్లు మొరాయిస్తాయి. అందుచేత దూరపు రైడ్‌ను శనివారానికి జరపండి, ఆదివారం గంటసేపు తేలికగా తొక్కి రెండు పూటలా కడుపునిండా తినండి, సోమవారం సైకిల్ ముట్టుకోకండి. మధుమేహం ఉంటే మాత్రం ఉపవాసం గురించి ముందు మీ డాక్టరుగారిని అడగాలి.

200 కిలోమీటర్ల బ్రెవేకు గడువు 13 గంటల 30 నిమిషాలు. ఆగిన సమయం కూడా కలుపుకొంటే గంటకు సగటున 15 కిలోమీటర్ల లోపే అవుతుంది కనుక, మీకు కావలసింది వేగం కంటే ఎక్కువసేపు సీటు మీద కూర్చోగలగడం, కూర్చుని తినగలగడం. శనివారం దూరాన్ని 50 కిలోమీటర్లతో మొదలుపెట్టి వారానికి పదేసి పెంచండి, ప్రతి నాలుగో వారం తగ్గించండి, జనవరికి ముందు ఒకసారి 120 దాటితే చాలు. పక్కనున్న మనిషితో ఆయాసం లేకుండా మాట్లాడగలిగే జోరు దాటవద్దు.

మన డెల్టాలో కొండ లేదు, గాలే కొండ. ఈ రోజుల్లో తూర్పు, ఈశాన్య గాలి వీస్తుంది కాబట్టి అమలాపురం, ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక వంతెన దాటి యానాం వైపు వెళ్లండి. ఒంట్లో సత్తువ ఉన్నప్పుడు ఎదురుగాలి, అలసి తిరిగి వచ్చేటప్పుడు వాలుగాలి ఉంటాయి. గౌతమి మీద వంతెన ఎక్కగానే గాలిని ఆపే కొబ్బరి తోటలు ఉండవు, అక్కడ గేరు తగ్గించి ఒళ్లు వంచి తొక్కండి. చదునైన దారిలో పెడల్ ఆగదు, సీటు నుంచి లేవవలసిన అవసరమూ రాదు, పుండ్లు పడేది అందువల్లనే. పావుగంటకొకసారి కావాలనే లేచి నిలబడి తొక్కాలి. తుపాను హెచ్చరిక ఉన్న రోజు మాత్రం ఇల్లు కదలవద్దు.

ఇక తిండి సంగతి. గంటన్నర దాటిన రైడ్‌లో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. ఓ మోస్తరు అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటుంది, రావులపాలెం సంత పక్కనే ఉన్న మీకు దానికి కొరత లేదు. దానికి తోడు నేను మనసారా సిఫారసు చేసేది పాకం చలిమిడి. నాగులచవితికి చేసే పచ్చి చలిమిడి ఆ రోజుకే బాగుంటుంది, పాకం చలిమిడి వారం నిలుస్తుంది. బియ్యం రాత్రంతా నానబెట్టి, వడకట్టి, గుడ్డ మీద తడి పొడిగా ఆరనిచ్చి, దంచి జల్లించి, పిండి ఆరిపోకుండా అదిమి మూత పెట్టాలి. బెల్లం కరిగించి, ఒక చుక్క నీళ్లలో వేస్తే వేళ్ల మధ్య మెత్తని ఉండ కట్టేదాకా పాకం రానిచ్చి, దించి, పిండిని కొద్దికొద్దిగా పోస్తూ ఉండ కట్టకుండా తిప్పాలి. నెయ్యి కొంచెమే వేయండి, కొబ్బరి ముక్కలు వద్దు, ఎందుకంటే కొవ్వు ఎక్కువైతే అరుగుదల నెమ్మదిస్తుంది. మామూలుగా వేయని ఉప్పు మాత్రం ఇక్కడ చెంచాడు వేయాలి. నిమ్మకాయంత ఉండలు చేసి, సెగ చూపించి వాడ్చిన అరటాకులో చుట్టి జేబులో పెట్టుకోండి. ఆకలి వేసేదాకా ఆగకుండా మొదటి ముప్పావుగంటకే ఒకటి తినండి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువే గాని, చెమటలో ముఖ్యంగా పోయే సోడియం తక్కువ, కాబట్టి అందులోనూ చిటికెడు ఉప్పు కలపాలి.

ప్రొటీన్ రోజుకు కిలో బరువుకు 1.2 నుంచి 1.6 గ్రాముల దాకా సరిపోతుంది. వండని పప్పు వంద గ్రాముల్లో సుమారు 22 గ్రాములు ఉంటుంది. పొద్దున పెసరట్టు, మధ్యాహ్నం ముద్దపప్పు, గట్టి పెరుగు, సాయంత్రం శనగల గుగ్గిళ్లు, రాత్రి దిబ్బరొట్టె ఉన్న ఇంట్లో పొడి ఎందుకు? నక్తం విడిచేటప్పుడు కూడా అన్నంతో పాటు పప్పు, పెరుగు తప్పనిసరిగా ఉండాలి. ఆవ పెట్టిన కందబచ్చలి ఈ కాలపు కూరల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, అయితే దాన్ని శనివారం రైడ్ ముగిసిన రాత్రికి ఉంచండి. శుక్రవారం రాత్రి పీచు, కారం, పులుపు తగ్గించి పాతబియ్యపు అన్నం, చారు, పెరుగుతో సరిపెట్టుకోవడం మంచిది. తేగలూ అంతే, రైడ్ ముగిశాకే తినండి. కార్తీక నియమం లేని ఇళ్లవారు యానాం వెళ్లినప్పుడు చీరమేను (సన్నని చిట్టి చేపలు) దొరికితే వదలవద్దు.

ప్రశ్న: మా అబ్బాయి కాలేజీకి వెళ్లేముందు చీకటితోనే కాలువగట్టు మీద సైకిల్ తొక్కుతున్నాడు. చద్దన్నం పెట్టి పంపవచ్చా? కోతల రోజులు కదా, భయంగా ఉంది. – ఒక తల్లి, పెనుగొండ

జవాబు: గంట రైడ్‌కు చద్దన్నం నిక్షేపంగా పెట్టవచ్చునమ్మా. పెరుగు, ఉప్పు కలిపి కొంచెం, బయలుదేరడానికి అరగంట ముందు పెట్టండి. మిగిలింది వచ్చాక తింటాడు.

మీ భయంలో న్యాయం ఉంది. సార్వా కోతలప్పుడు రైతులు తారురోడ్డు మీద ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. చీకట్లో ఆ రాళ్లు కనిపించవు, చెదిరిన గింజల మీద సన్నని టైరు జారుతుంది. గడ్డి చైనులో చుట్టుకుంటుంది, కోత మిషన్ల చక్రాల నుంచి రాలిన మట్టిపెళ్లలు ఎండితే రాళ్లతో సమానం. కోతలు అయ్యేదాకా తెలవారాకే బయలుదేరమనండి. ముందు తెల్లలైటు, వెనక ఎర్రలైటు రెండూ ఉండాలి. ధాన్యం కనిపిస్తే బ్రేకు గట్టిగా పట్టకుండా, దిగి పక్కనుంచి నడిపించుకు వెళ్లమనండి.