ఇంట్లో జిమ్ పెడుతున్నారా? నేల మొత్తం పరచకండి

ప్రశ్న: హైదరాబాద్‌లో రెండో అంతస్తులో అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాను. జీతం 62,000, అద్దెతో కలిపి నెల ఖర్చు 48,000. అత్యవసరాలకని బ్యాంకులో 40,000 ఉంచాను. పాత బార్‌బెల్, ప్లేట్లు, డంబెల్స్ కొన్నాను. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పున్న గదిలో పరచడానికి 15 మి.మీ. రబ్బరు టైల్స్ చదరపు అడుగు 130 చొప్పున ఇస్తామన్నారు. ఆరు నెలల నో కాస్ట్ ఈఎంఐ కూడా ఉంది. జిమ్‌కు ఏడాదికి 18,000 కడుతున్నాను కాబట్టి ఏడాదిలో ఈ డబ్బు తిరిగి వచ్చేసినట్టే కదా?

జవాబు: ముందుగా ఆ 130 సంగతి చూద్దాం. 120 చదరపు అడుగులకు 15,600. దానిపై జీఎస్టీ 18 శాతం అంటే 2,808. రబ్బరు మోత బరువు సరుకు. మీ గదికి సరిపడా 15 మి.మీ. టైల్స్ నూట యాభై కిలోలకు పైనే తూగుతాయి. రెండో అంతస్తు దాకా చేర్చడానికి రెండు వేలైనా వేసుకోండి. మొత్తం 20,408. నెలకు 1,500 మిగిలినా పదమూడు నెలలు దాటితే గానీ ఈ డబ్బు వెనక్కి రాదు. పైగా మీ జిమ్ సభ్యత్వం ఎప్పటిదాకా ఉందో మీరు రాయలేదు. ఇప్పటికే కట్టేసిన నెలలకు ఇంట్లో వ్యాయామం చేసినా పైసా మిగలదు. లెక్క ఆ గడువు తీరిన రోజునే మొదలుపెట్టాలి.

ఇక, గది మొత్తానికి రబ్బరు ఎందుకు? ఇనుము దిగే చోటు తక్కువే. బార్‌బెల్ పొడవు సుమారు ఏడు అడుగులు. ఎనిమిది అడుగులకు ఆరడుగుల చోటు ఉంటే డెడ్‌లిఫ్ట్‌కు (నేల మీది బార్‌బెల్‌ను పైకెత్తే వ్యాయామం), బెంచీకి చాలు. మిగతా నేల మీద మీరు నడుస్తారు, ఫ్యాను కింద నిలబడి చెమట తుడుచుకుంటారు. అందుకు టైల్స్ అక్కర్లేదు.

పాడి రైతులు ఆవుల కొట్టాల్లో పరిచే రబ్బరు మ్యాట్లు ఎప్పుడైనా చూశారా? రబ్బరు పండే కేరళలో తయారయ్యేవి మనదాకా వస్తాయి. ఎక్కువగా దొరికే కొలత ఆరున్నర అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు. మందం 15 మి.మీ. పైనే. నాలుగైదు వందల కిలోల ఆవు లేచి, పడుకుని, గిట్టలతో తొక్కినా తట్టుకునేలా చేసిన సరుకది. మీ డంబెల్స్ దానికొక లెక్కా? అమెరికాలోనూ ఇంట్లో జిమ్ పెట్టుకునేవాళ్లు గుర్రపుశాల మ్యాట్లు కొనడం మామూలే. రెండు మ్యాట్లు పక్కపక్కన వేస్తే ఎనిమిది అడుగులకు ఆరున్నర అడుగుల చోటు వస్తుంది. ఒక్కోటి 2,500 వేసుకున్నా, ట్రాలీ ఆటోకు 800 ఇచ్చినా 5,800తో అయిపోతుంది. పాడి పరికరాల దుకాణంలో అసలు ధర కనుక్కోండి. ఈ మ్యాటు అందంగా ఉండదు, పైన గరుకు గీతలుంటాయి. మొదట్లో వాసన కూడా గట్టిగానే వస్తుంది. సబ్బు నీళ్లతో కడిగి, నాలుగు రోజులు బాల్కనీలో ఆరబెట్టి, తర్వాతే గదిలోకి తీసుకెళ్లండి. ఒక్కో మ్యాటు ముప్పై కిలోలకు పైనే ఉంటుంది, మెట్ల మీద ఒక్కరే మోయకండి.

మూసేసిన జిమ్‌ల నుంచి వచ్చే పాత మ్యాట్లు దొరికినా మంచిదే. తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. నల్లటి రవ్వ రాలితే టైరు పొడిని అంటించిన జిగురు వదిలేసిందని అర్థం, వద్దనండి. పిల్లల ఆటగదిలో పరిచే రంగురంగుల ఫోమ్ ముక్కలు ఇంకా చవకే. యోగాకు సరే గానీ, బరువెత్తేటప్పుడు కాలి కింద కుంగిపోతాయి.

వాయిదాల విషయం. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. అమ్మకందారు వడ్డీ మేరకు ధరలో తగ్గించినట్టు చూపిస్తాడు, బ్యాంకు ఆ వడ్డీనే మీ దగ్గర వసూలు చేస్తుంది. వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ రుసుము మీ నెత్తినే పడతాయి. మీ మొత్తానికి అది నాలుగైదు వందలు దాటకపోవచ్చు. నన్ను కలవరపెట్టింది ఆ నాలుగైదు వందలు కాదు, మీ 40,000. ఒక్క నెల ఖర్చుకు కూడా సరిపోని నిధి మీద నెలకు 3,400 వాయిదా ఎక్కిస్తున్నారు. ఈ వాయిదాలు క్రెడిట్ కార్డు మీదైతే, జీతం ఆలస్యమై ఒక్కటి తప్పినా వడ్డీ నెలకు మూడు శాతం పైనే పడొచ్చు. నగదిచ్చి 5,800తో ముగించండి. మిగిలే పద్నాలుగు వేల చిల్లరను ఆ నిధిలో కలపండి. అది మూడు నెలల ఖర్చుకు చేరాక, వ్యాయామం అప్పటికీ సాగుతుంటే, గది నిండా టైల్స్ వేసుకుంటానన్నా నేను అడ్డు చెప్పను.

అద్దె ఇల్లు కనుక ఒక జాగ్రత్త. రబ్బరు దెబ్బను తగ్గిస్తుంది గానీ పూర్తిగా ఆపదు. మ్యాటు వేయబోయే చోట ఇంటి నేలకున్న ప్రతి టైలునూ నాణెంతో తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే దాని కింద సిమెంటు సరిగా లేదన్నమాట. బరువు పడితే ముందు పగిలేది అదే. ఆ చోటు వదిలి పక్కకు జరగండి. పగిలితే యజమాని మీ అడ్వాన్సులో కోత పెడతాడు. నేల ఇప్పుడెలా ఉందో ఫొటోలు తీసి, మ్యాటు వేయక ముందే ఆయనకు వాట్సాప్‌లో పంపండి.