ప్రసంగంలో తడబడ్డాడని సెమినరీ మాన్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయి సెమినరీలో (పాస్టర్లను తయారుచేసే వేదాంత కళాశాలలో) రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఈమధ్యే అక్కడి చాపెల్‌లో (ప్రార్థన మందిరంలో) మొదటిసారి ప్రసంగించాడు. 20 నిమిషాలు ఇస్తే 9 నిమిషాల్లో ముగించేశాడు. మధ్యలో రెండుసార్లు ఆగిపోయాడు కూడా. లెక్చరర్ రెండు పేజీల నిండా లోపాలు రాసిచ్చారు. ఆ వీడియో మా బంధువుల గ్రూపులో పెట్టి అభిప్రాయం అడిగితే 'దేవుని పిలుపు ఉన్నవాడికి ఇలా జరగదు' అన్నారు. మా అన్నయ్య కొడుకు వీడికన్నా చిన్నవాడు. ఆరు నెలల ఆన్‌లైన్ కోర్సు చేసి, సొంత యూట్యూబ్ చానల్‌లో అనర్గళంగా దేవుని వాక్యం చెబుతున్నాడు. మావాడిని కూడా సెమినరీ మాన్పించి ఆ దారిలో పెట్టమంటారా? రెండింటినీ పోల్చి చెప్పగలరు.
- ఒక తండ్రి

జవాబు: పోల్చి చెబుతాను. కానీ మీరు అడిగిన ప్రశ్న వెనక, అడగడానికి జంకిన ప్రశ్న ఇంకొకటి ఉంది: మావాడికి అసలు పిలుపు ఉందా, ఇన్నేళ్లూ మేం ఆశపడింది వృథాయేనా అని. పిల్లల్ని సెమినరీకి పంపిన తల్లిదండ్రులు చాలామంది ఈ భయంతోనే రాస్తారు. అదీ మొదటి ప్రసంగం అయిన కొద్ది రోజులకే. అందుకని ముందు దానికే జవాబు. పిలుపు ఉందో లేదో ఆ 9 నిమిషాలు తేల్చలేవు. తాను నోటిమాంద్యం గలవాడినని మోషే మొరపెట్టుకున్నాడు (నిర్గమకాండము 4:10). తనకు మాట్లాడటం చేతకాదని యిర్మీయా వెనకాడాడు (యిర్మీయా 1:6). పౌలు ఉత్తరాలు ఘనమైనవే గానీ మనిషి మాటలో పస లేదని కొరింథులో కొందరు చులకన చేశారు (2 కొరింథీయులు 10:10). మీ బంధువుల కొలతతో కొలిస్తే ఈ ముగ్గురూ పనికిరానివాళ్లే అవుతారు.

ఆ 9 నిమిషాల్లో ఏం జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. భయపడినప్పుడు ఊపిరి పైపైనే ఆడుతుంది, మాట వేగం పెరుగుతుంది, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఇవ్వాల్సిన విరామం మాయమవుతుంది. గదిలో ఒంటరిగా 20 నిమిషాలు పట్టిన ప్రసంగం జనం ముందు పదిహేనుకు దిగిపోవడం కొత్తవాళ్లలో మామూలే. దానికి తోడు రెండు చోట్ల ఆగాడంటే, చాలావరకు బట్టీపట్టి ఉంటాడు. బట్టీపట్టిన మాటలు ఒకదాని వెనక ఒకటి వరసగా గుర్తుంటాయి గానీ అర్థంతో గుర్తుండవు. ఒక మాట జారిపోయిందంటే తర్వాతిది కూడా దొరకదు. అప్పుడు గాభరాలో ఒక పేరా మొత్తం వదిలేసి ముందుకు దూకేస్తాడు. మిగతా నిమిషాలు పోయేది అక్కడే.

దీనికి చేయాల్సిన పని స్పష్టంగా ఉంది. ప్రసంగం పూర్తిగా రాయాలి. ఒక పేజీ గట్టిగా చదివి ఎంతసేపు పట్టిందో గడియారంలో చూసుకుంటే, 20 నిమిషాలకు ఎన్ని పేజీలు కావాలో తెలుస్తుంది. ఆ రాతప్రతిని ఒక్క పేజీ ఔట్‌లైన్‌గా కుదించాలి. ఆ పేజీని అరచేతిలో పట్టే కార్డుకు తేవాలి. కార్డు మీద నాలుగే ఉండాలి: ప్రసంగం మొత్తానికి ఒక ప్రధాన వాక్యం, భాగాల పేర్లు, నాందిలో మొదటి వాక్యం, ముగింపులో చివరి వాక్యం. ఈ చివరి రెండూ అక్షరం పోకుండా రాసుకోవాలి, ఎందుకంటే గాలిలో తేలిపోయేది ఎక్కువగా ఆ రెండు చోట్లే. ఆ కార్డు పట్టుకుని, నిలబడి, గొంతు విప్పి నాలుగైదుసార్లు చెప్పాలి. ప్రతిసారీ మాటలు కాస్త మారాలి, మారకపోతే మళ్లీ బట్టీలో పడ్డట్టే. ఒక్కసారైనా అసలు చాపెల్‌లోనే, చివరి వరసలో ఒక స్నేహితుణ్ని కూర్చోబెట్టుకుని చెప్పాలి. వాక్యభాగాన్ని, అంటే ప్రసంగానికి తీసుకున్న బైబిల్ భాగాన్ని, చదవడం విడిగా సాధన చేయాలి. లేఖనాన్నే గడగడా చదివేసినవాడి ప్రసంగం మీద వినేవాళ్లకు మొదటి నిమిషంలోనే ఆసక్తి పోతుంది.

ఇక వీడియో సంగతి. అయ్యా, అది మీరు చేయకూడని పని. నేర్చుకునేవాడి మొదటి ప్రయత్నాన్ని, అతన్ని అడగకుండా, ప్రసంగాల తయారీ గురించి ఏమీ తెలియనివాళ్ల తీర్పుకు పెట్టారు. వాళ్ల తీర్పు తెచ్చి మళ్లీ అతని ముందే పెట్టి ఉంటారు కూడా. ఈసారి అతను వేదిక ఎక్కినప్పుడు ఎదురుగా ఉన్న విశ్వాసులు కనిపించరు, ఆ గ్రూపులో వచ్చిన మాటలే గుర్తొస్తాయి. ఆ వీడియో ఈరోజే తీసేయండి, అతనికి క్షమాపణ చెప్పండి. తండ్రి క్షమాపణ చెబితే గౌరవం తగ్గదు. అన్నగారి కొడుకుతో పోల్చడం కూడా ఇక్కడితో ఆపేయండి.

లెక్చరర్ రెండు పేజీలు రాసిచ్చారని బాధపడుతున్నారు. మీరు కట్టే ఫీజుకు దొరికే అత్యంత విలువైన వస్తువు ఆ రెండు పేజీలే. అందులో మొదట చూడాల్సింది ఉచ్చారణ గురించి, చేతులు ఊపడం గురించి రాసిన మాటలు కావు. 'ఈ ప్రసంగంలో మాకు వినపడిన విషయం ఇది' అని లెక్చరరూ తోటి విద్యార్థులూ ఒక్క వాక్యంలో ఏం రాశారో చూడమనండి. ముగ్గురు మూడు వేర్వేరు వాక్యాలు రాసి ఉంటే లోపం గొంతులో లేదు, తయారీలో ఉంది.

ఆ తయారీ ఎలా సాగుతుందో మీరు కూడా తెలుసుకోవాలి. తెలిస్తేనే రెండేళ్లలో మీవాడు ఏం నేర్చుకుంటున్నాడో కనపడుతుంది. మొదటి పని, వాక్యభాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తేల్చుకోవడం. అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో, ఇప్పుడు మనం వాడే వచన సంఖ్యలు 16వ శతాబ్దంలో వచ్చాయి. అవి మూల రచయితలు పెట్టినవి కావు కాబట్టి, అధ్యాయం మారిన చోట ఆలోచన తెగిందని అనుకోవడానికి లేదు. తర్వాత ఆ భాగాన్ని రెండు మూడు అనువాదాల్లో, ముందు వెనక అధ్యాయాలతో కలిపి, పదిసార్లయినా చదివి, తనకు వచ్చిన సందేహాలు రాసుకోవాలి. వ్యాఖ్యాన గ్రంథాలు తెరవాల్సింది ఆ తర్వాతే. మొదటిరోజే తెరిస్తే ఎవరో ఆలోచించినదాన్ని మోసుకొచ్చే ప్రసంగం తయారవుతుంది. కృత్రిమ మేధ రాసిచ్చే ప్రసంగాలతోనూ ఇదే చిక్కు: వాక్యంతో పెనుగులాడిన రోజులే లేకుండా కాగితం చేతికొచ్చేస్తుంది.

ఆపైన ప్రధాన వాక్యం రాయాలి: ఈ భాగం దేని గురించి మాట్లాడుతోంది, దాని గురించి ఏం చెబుతోంది. ఒక్క ఊపిరిలో చెప్పగలగాలి. విద్యార్థులకు అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే, కొందరికి రెండు రోజులు కూడా పడుతుంది. ఆ వాక్యం కుదరక ముందే ఔట్‌లైన్ వేసుకుంటే ఒకే ప్రసంగంలో మూడు ప్రసంగాలు దూరిపోతాయి. అన్వయం, అంటే ఆ మాటను వినేవాళ్ల బతుకులకు వర్తింపజేయడం, 'మనమందరం ప్రేమ కలిగి ఉండాలి' అన్నట్టు గాలిలో ఉండకూడదు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి కూర్చున్న మనిషికి, భర్త పోయిన మొదటి ఏడాదిలో ఉన్న ఆమెకు ఈ మాట ఏం చెబుతుందో రాసుకోవాలి. నాంది ఆఖరున రాయాలి. 20 నిమిషాల ప్రసంగానికి రెండు నిమిషాలు దాటకూడదు.

తప్పులు కూడా దాదాపు అందరివీ ఒకలాగే ఉంటాయి. దావీదు ఏరుకున్న ఐదు రాళ్లకు (1 సమూయేలు 17:40) విశ్వాసం, ప్రార్థన అంటూ ఐదు పేర్లు పెట్టి ఐదు పాయింట్లు చెప్పడం. ఆ పేర్లు వాక్యంలో లేవు, ప్రసంగీకుడు తెచ్చి అంటించినవి. ఒక భాగం చదివి, దాన్ని వదిలేసి పదిహేను రెఫరెన్సుల మీదుగా పరిగెత్తడం. తరగతిలో నేర్చుకున్న గ్రీకు, హీబ్రూ మాటలన్నీ కుమ్మరించడం. 'చివరిగా' అని మూడుసార్లు అనడం. ఇష్టమైన ప్రసంగీకుడి గొంతును, విరుపును, దగ్గును కూడా అనుకరించడం. ఈ చివరిది ప్రమాదకరం, ఎందుకంటే తనది కాని స్వరంతో గొంతు చించుకుంటే స్వరపేటిక దెబ్బతింటుంది. మైకు నోటికి జానెడు దూరంలో ఉంటే కేకలు వేయాల్సిన పని లేదు. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించాలి.

ఇప్పుడు మీ అన్నగారి కొడుకు వెళ్లిన దారి. ఆ కుర్రాడి నిజాయితీని నేను శంకించడం లేదు. కానీ ఈ దారి మీద నాకు గట్టి సందేహాలున్నాయి. మొదటిది, చిన్న వీడియోలు వాక్యానికి ఏం చేస్తాయన్నది. యిర్మీయా 29:11 తీసుకోండి. దేవుడు మేలైన ఆలోచనలు కలిగి ఉన్నాడన్న ఆ వచనం ఒక నిమిషం వీడియోకు చక్కగా సరిపోతుంది. కానీ అది బబులోనుకు చెరగా వెళ్లినవాళ్లకు రాసిన ఉత్తరంలోది. దానికి ముందున్న 10వ వచనం డెబ్భై ఏళ్లు అంటుంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగుప్రయాణం చూడకుండానే చనిపోతారు. ఆ వాగ్దానానికున్న బరువంతా అందులోనే ఉంది. డెబ్భై ఏళ్ల మాట తీసేసి వచ్చే నెల ఉద్యోగం వస్తుందన్నట్టు చెబితే చూసేవాళ్లు పెరుగుతారు. కానీ ఉద్యోగం రానివాడు విశ్వాసం పోగొట్టుకుంటాడు, అప్పుడు అతని పక్కన కూర్చోవడానికి చానల్ ఉండదు. ఫిలిప్పీయులు 4:13 గతి కూడా ఇంతే. ఆకలిలోనూ సమృద్ధిలోనూ తృప్తిగా ఉండటం నేర్చుకున్నానన్న 11, 12 వచనాలు కోసేసి, విజయ నినాదంగా మార్చేస్తారు.

రెండోది ఇంకా పెద్దది: అక్కడ సరిదిద్దేవాళ్లు ఎవరూ ఉండరు. లైకులు దిద్దుబాటు కావు. ఏ వీడియో ఎక్కువ మంది చూశారో తర్వాతి వారం అలాంటిదే చేయాలనిపిస్తుంది, ఏడాది తిరిగేసరికి ఏం చెప్పాలన్నది లెక్కలే నిర్ణయిస్తాయి. అపొల్లో గొప్ప వక్త, లేఖనాల్లో ప్రవీణుడు. అయినా ప్రిస్కిల్ల, అకుల అతన్ని పక్కకు తీసుకెళ్లి దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా వివరించారు (అపొస్తలుల కార్యములు 18:24-26). అంత అనర్గళంగా మాట్లాడేవాడికే ఆ అవసరం పడింది. 20 ఏళ్ల కుర్రాడి చానల్‌లో ప్రిస్కిల్ల ఎవరు, అకుల ఎవరు? బోధకులకు కఠినమైన తీర్పు ఉంటుందన్న యాకోబు 3:1 మాట గుర్తుంటే, ఈ ప్రశ్న మీ అన్నగారిని కూడా అడగాలనిపిస్తుంది.

'మరి స్పర్జన్ సెమినరీ చదివాడా?' అని తప్పకుండా ఎవరో ఒకరు మీతో అంటారు. చదవలేదు. కానీ 19వ శతాబ్దపు ప్రసిద్ధ ఇంగ్లిషు ప్రసంగీకుడైన ఆయన 1856లో, ఇంకా ఇరవైల మొదట్లో ఉండగానే, లండన్‌లో పాస్టర్ల కోసం కాలేజీ పెట్టాడు. పెద్దగా బడి చదువు లేని అమెరికా సువార్తికుడు మూడీ 1886లో షికాగోలో బైబిల్ విద్యాలయానికి పునాది వేశాడు. చదువు లేకుండా ఎదిగినవాళ్లే తమ వెనక వచ్చేవాళ్లకు చదువు కావాలని పట్టుబట్టారు.

పోలిక అడిగారు కాబట్టి క్లుప్తంగా: ఆన్‌లైన్ కోర్సులో కెమెరా ముందు మాట్లాడటం, చిన్నగా చెప్పడం త్వరగా వస్తాయి, ఖర్చూ తక్కువే. సెమినరీలో భాషలు, సంఘ చరిత్ర, ఆదరణ, వారాంతపు పరిచర్య, ముఖ్యంగా ఎదురుగా కూర్చుని తప్పు చెప్పే మనుషులు దొరుకుతారు. చాలా సంఘశాఖలు అభిషేకానికి, అంటే పాస్టర్‌గా నియమించడానికి, గుర్తింపు పొందిన వేదాంత విద్యను అడుగుతాయి, కాబట్టి మధ్యలో మానేస్తే ఆ తలుపు మూసుకుంటుంది. కెమెరా ముందు మాట్లాడటం ఏ సెలవుల్లోనైనా నేర్చుకోవచ్చు. సెమినరీ మాన్పించవద్దు.

సెమినరీ అతనికి సరైన దారి కాదేమోనని నిజంగా ఆలోచించాల్సిన గుర్తులు వేరే ఉన్నాయి. వాక్యాన్ని తెరవడమే బరువుగా ఉండటం, ఎవరు సరిదిద్దినా కోపం రావడం, వేదిక ఇష్టమై మనుషుల ఇళ్లకు వెళ్లడం ఇష్టం లేకపోవడం. వణుకు వీటిలో లేదు. ఒకవేళ ప్రసంగం ఎప్పటికీ అతని బలం కాకపోయినా, ఆసుపత్రి చాప్లిన్ పని (రోగులను ఓదార్చి ప్రార్థించే సేవ), కౌన్సెలింగ్, బైబిల్ అనువాదం, వేదాంత బోధన, యువజన పరిచర్య ఉన్నాయి. వాటన్నిటికీ ఈ చదువే పునాది.

ఇప్పుడు మీవాడు చేయాల్సింది, కొత్త ప్రసంగం తయారుచేసుకోవడం కాదు. అదే వాక్యభాగాన్ని, లెక్చరర్ రాసిన రెండు పేజీలు పక్కన పెట్టుకుని, తిరగరాయాలి. నెలలోపు పదిపదిహేను మంది ఉండే ఇంటి కూడికలో చెప్పే అవకాశం ఇవ్వమని వారాంతపు పరిచర్య చేసే సంఘం పాస్టర్‌ను అడగాలి. వీడియో తీస్తే అతని ఫోనులోనే తీయాలి. దాన్ని ఒకసారి శబ్దం లేకుండా, ఒకసారి బొమ్మ చూడకుండా శబ్దం మాత్రమే విని, లెక్చరర్‌తో కలిసి చూసుకోవాలి. అతను రమ్మంటేనే మీరు వెళ్లండి. ఇంటికొచ్చాక ఎలా చెప్పాడో మీరు చెప్పవద్దు. ఆ వాక్యభాగం నుంచి మీకు ఏం అందిందో మాత్రం ఒక్క వాక్యంలో చెప్పండి.