40 టిక్కీలు, ఇద్దరు వ్యాపారులు, ఒక షేర్డ్ ఫోల్డర్

గుంటూరు మిర్చి యార్డు దగ్గర కమీషన్ దుకాణం నడిపే ఒకాయన అడిగారు: "మూడు కంప్యూటర్లున్నాయండీ. బిల్లులన్నీ వాటిలో ఒకదాని షేర్డ్ ఫోల్డర్‌లో పడతాయి. మొన్న కరెంటు పోయి వచ్చాక ఒకే 40 టిక్కీల (మిర్చి బస్తాల) లాటు ఇద్దరు వ్యాపారుల పేర బిల్లయింది. ఇంకోదాన్ని మిర్రర్‌గా, అంటే దానికి ఎప్పటికప్పుడు అచ్చు నకలుగా, పెడితే సరిపోతుందా?"

సరిపోదండీ. మొదటి బిల్లు డిస్క్‌లోకి చేరకముందే కరెంటు పోయి ఉంటుంది. ఇక మిర్రర్ అంటారా, రెండింటి మధ్య కేబుల్ ఊడితే అవతలిది చచ్చిందనుకుని దేనికది పెత్తనం మొదలెడుతుంది, అప్పుడు రోజూ ఇదే గొడవ.

ఉన్న మూడింటినీ వాడండి. ముగ్గురు గుమస్తాలు, మూడు చిట్టాలు అనుకోండి. ఏ లెక్కైనా వరస నంబరుతో కనీసం ఇద్దరి చిట్టాల్లో పడితేనే రాసినట్టు. చదివేటప్పుడూ ఇద్దర్ని అడగాలి, ఏ ఇద్దర్ని అడిగినా ఒకరి దగ్గర కొత్త లెక్క ఉండి తీరుతుంది. చదివినవాడు వెనకబడ్డవాడి చేత కూడా ఆ లెక్క రాయించాకే కదలాలి, లేదంటే తర్వాత వచ్చినవాడికి పాత అంకె కనబడొచ్చు. కంప్యూటర్ శాస్త్రవేత్తలు అట్టియా, బార్-నోయ్, డోలెవ్ 1995లో ప్రచురించిన పద్ధతి ఇది. కాకపోతే ఒకే లాటు మీద రెండు కౌంటర్లు ఒకేసారి పడితే ఎవరిదో ఇది తేల్చదు, దానికి పాక్సోస్, రాఫ్ట్ లాంటివి (కంప్యూటర్లన్నీ ఒకే మాట మీదికి వచ్చేలా చూసే పద్ధతులు) లోపల ఉన్న డేటాబేస్ కావాలి. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు 'సింక్' అని పచ్చ టిక్కు చూపించి మురిసిపోతారు. "బిల్లు కొడుతుండగా ఒక వైరు పీకేస్తా, ఏమవుతుందో చూపించండి" అనండి. నీళ్లు నమిలితే పంపించేయండి.

నా టెన్షన్ అసలు వేరే. మీరు పంపిన స్క్రీన్ ఫొటోలో ఆ ఫోల్డర్‌కి 'ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్' అని ఉంది, అంటే ఎవరైనా ఏదైనా మార్చొచ్చు, చెరపొచ్చు! వేబిల్లు ప్రింటు కోసం వచ్చిన కుర్రాడి పెన్‌డ్రైవ్ ఒక్కటి చాలు, రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు గుంజే వైరస్) లెక్కలన్నిటికీ తాళం వేసేస్తుంది, మీ మిర్రర్ ఆ పాడైన ఫైళ్లనే బుద్ధిగా కాపీ చేసుకుంటుంది. పైన చెప్పిన ముగ్గురి ఏర్పాటు కూడా ఒకడు ఆగిపోతే కాస్తుంది గానీ వైరస్ పట్టి అబద్ధాలు చెబితే కాయదు. ఎవరు చెప్పారో రుజువు చేసే సంతకం లేని కబుర్లతో ఒక్క అబద్ధాలకోరుని తట్టుకోవాలన్నా నలుగురుండాలని లాంపోర్ట్, షోస్టాక్, పీజ్ 1982లోనే రాశారు.

ముందు ఆ పర్మిషన్ తీసేయండి. ఈ రాత్రి దుకాణం కట్టేశాక లెక్కలు మొత్తం ఒక విడి హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి, వైరు పీకి బీరువాలో పెట్టండి. ఆ 40 టిక్కీల సంగతి మాత్రం ఇద్దరు వ్యాపారులతో మీరే కూర్చుని తేల్చుకోవాలి.