నీళ్లలో వరి బతుకుతుంది, మిర్చి ఎందుకు వడలిపోతుంది?

గుంటూరు వైపు నల్లరేగడి చేలో రెండు మూడు రోజులు నీళ్లు నిలిస్తే మిర్చి తల వాల్చేస్తుంది. కృష్ణా డెల్టాలో వరి మాత్రం వారాల తరబడి నీళ్లలోనే నిలబడుతుంది. ఎందుకీ తేడా?

తేడా వేరు లోపల ఉంది. వరి వేరు వల్కలంలో, అంటే వేరు పైచర్మం కింద ఉండే మెత్తటి భాగంలో, కొన్ని కణాలు వాటంతట అవే చచ్చిపోయి, గాలి గొట్టాల్లాంటి ఖాళీలు ఏర్పడతాయి. దీన్నే ఏరెంకైమా అంటారు. పైనుంచి ఆక్సిజన్ వీటి గుండా వేరు కొస దాకా దిగుతుంది. దారిలో అది బురదలోకి జారిపోకుండా బయటి పొరల్లో సుబెరిన్ అనే మైనం లాంటి పదార్థం పేరుకుంటుంది. ఇది నాకెప్పుడూ ఆశ్చర్యమే!

మిర్చికి ఇంత ఏర్పాటు లేదు. ఊపిరాడని వేరు నీళ్లు సరిగా పీల్చలేదు, అందుకే నీళ్ల మధ్యే మొక్క వడలుతుంది. అది చూసి ఎండిందనుకుని మళ్లీ తడి పెట్టకండి. ముందు కాలువ తీసి నీళ్లు బయటికి పంపండి.