జైలు డాక్టర్ జీతంతో ఇల్లు కొనగలమా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఎంబీబీఎస్ చేసి, ఉమ్మడి విశాఖ జిల్లాలోని ఒక జైల్లో 2023 ఏప్రిల్ నుంచి కాంట్రాక్టు మెడికల్ ఆఫీసర్‌గా పనిచేస్తున్నాను. నెలకు 75,000 అన్నారు, చేతికి 67,500 వస్తుంది. ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ ఎప్పుడూ వేయలేదు. మావారు పరవాడలో ఫార్మా కంపెనీలో చేస్తారు, 60,000 వస్తుంది. పాపకు నాలుగేళ్లు. ఆరిలోవలో 16,000 అద్దెకు ఉంటున్నాం. అద్దెతో కలిపి ఇంటి ఖర్చు 70,000. నా చదువు లోను ఈఎంఐ 14,000, ఇంకా 4.2 లక్షలు బాకీ. ఎల్ఐసీకి నెలకు 4,000 పోతుంది. ఎఫ్‌డీలో 3 లక్షలున్నాయి. నగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి 1,10,000 ఇస్తామంటోంది. మధురవాడలో 65 లక్షల ఫ్లాట్ చూశాం, అందుకని ఇంట్లో అందరూ మారిపొమ్మంటున్నారు. నాకేమో ఈ పని వదలాలని లేదు. అయితే లోపల ఎవరికైనా ఏమైనా జరిగితే కేసు నా మీదికి వస్తుందేమోనని టెన్షన్ కూడా ఉంది. ఇక్కడే ఉండిపోవచ్చా?

జవాబు: ఉండవచ్చు డాక్టర్ గారూ. ఆ 65 లక్షల ఫ్లాట్‌ను మాత్రం ప్రస్తుతానికి మరచిపోవాలి. అది ఈ ఉద్యోగం వల్ల దూరమైంది కాదు. ఇంకో ఉద్యోగంలోనైనా ఇప్పటికిప్పుడు మీకు అందేది కాదు.

ముందు మీ జీతం సంగతి చూద్దాం. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది ఇదే. 75,000లో 7,500 పోతోంది, అంటే సరిగ్గా 10 శాతం. మిమ్మల్ని ఉద్యోగిగా కాకుండా వృత్తి నిపుణురాలిగా లెక్కగట్టి, వృత్తి ఫీజుల మీద కోసే టీడీఎస్ (చేతికి ఇచ్చేముందే పట్టుకునే పన్ను) కోస్తున్నారన్నమాట. ఆదాయపన్ను పోర్టల్‌లో మీ 26ఏఎస్ (మీ పేరున కోసిన పన్ను వివరాల పట్టిక) తెరిస్తే అది కనబడుతుంది. అలా అయితే మీరు వృత్తి నిపుణులకు వర్తించే 44ఏడీఏ సెక్షన్ కింద రిటర్న్ వేయొచ్చు. ఏడాదికి వచ్చే 9 లక్షల్లో సగం ఖర్చుల కింద పోను 4.5 లక్షలనే ఆదాయంగా చూపిస్తారు. వేరే ఆదాయం పెద్దగా లేకపోతే కొత్త పన్ను విధానంలో దాని మీద పన్ను సున్నా. కోసిన 90,000 మొత్తం మీకు వెనక్కి రావాలి.

ఇది మీ సొమ్ము, ఏటా ప్రభుత్వం దగ్గరే ఉండిపోతోంది. 2023-24, 2024-25 ఆర్థిక సంవత్సరాల రిటర్నులకు మామూలు గడువు దాటిపోయింది. ఆలస్యానికి కారణం చెప్పుకుని, మన్నించమని ఆదాయపన్ను శాఖకు దరఖాస్తు పెట్టుకునే దారి ఇంకా ఉంది. ఆ అసెస్‌మెంట్ సంవత్సరం (ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఏడాది) ముగిశాక ఐదేళ్ల వరకు దానికి వీలుంటుంది. గడువు దాటాక వేసే అప్‌డేటెడ్ రిటర్న్‌తో సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, అందులో రిఫండ్ అడగడం కుదరదు. ఒక మంచి సీఏని పట్టుకుని ఆ రెండేళ్ల దరఖాస్తులు పెట్టించండి. 2025-26 రిటర్న్ మాత్రం గడువులోపే వేసేయండి.

రిఫండును నెలలకు పంచితే మీ ఇంటి రాబడి 1,35,000. అన్ని ఖర్చులూ పోను 47,000 మిగులుతుంది.

ఇక ఈ కాంట్రాక్టులో లేనివాటి గురించి. పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు. రెగ్యులర్ డాక్టర్లకు ఉండే ఏపీజీఎల్ఐ (ప్రభుత్వ జీవిత బీమా), సీపీఎస్ (పెన్షన్ పథకం) మీకు వర్తించవు. జబ్బుపడి మంచం పడితే జీతంతో కూడిన సెలవు ఉంటుందో లేదో కాంట్రాక్టు తీసి చూడండి. జైలు వైద్యంలో ఇది చిన్న విషయం కాదు. కిక్కిరిసిన బ్యారక్‌లలో టీబీ ఎంత సులువుగా పాకుతుందో మీకు నేను చెప్పాలా! టీబీ మందులు ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది, కానీ ఆ నెలల్లో ఈఎంఐ ఎవరు కడతారు? పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ ప్రమాదానికే గానీ జబ్బుకు పనికిరాదు. అందుకే ఆరు నెలల ఖర్చు, అంటే సుమారు 5.3 లక్షలు, ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా పక్కన ఉండాలి. మీ ఎఫ్‌డీకి పాత రిఫండ్లు 1.8 లక్షలు వచ్చి చేరితే అది దాదాపు పూర్తవుతుంది. అవి రావడం ఆలస్యమైతే మొదటి ఆరు నెలల మిగులును దానికే మళ్లించండి.

తర్వాత మీ పేరున 1.5 కోట్ల టర్మ్ పాలసీ, కుటుంబానికంతా 10 లక్షల హెల్త్ పాలసీ తీసుకోండి. మీవారి కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది కదా అని ఊరుకోవద్దు, ఆయన కంపెనీ మారిన రోజున అది పోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత లైఫ్, హెల్త్ పాలసీల మీద జీఎస్టీ లేదు. దరఖాస్తులో వృత్తి దగ్గర జైల్లో పనిచేస్తున్నట్టు ఉన్నది ఉన్నట్టు రాయండి. దాచిపెడితే రేపు క్లెయిమ్ దగ్గర ఇబ్బంది.

కేసుల భయం గురించి. అందరికీ ఉచితంగా వైద్యం అందించేచోట అది వినియోగదారుల చట్టం కిందికి రాదని 1995లో సుప్రీంకోర్టు వి.పి. శాంత కేసులో చెప్పింది. కాబట్టి ప్రైవేటులో ఉండే వినియోగదారుల ఫోరం బెడద మీకు తక్కువే. మీకు ఎదురయ్యేది వేరు. కస్టడీలో మరణం జరిగితే 24 గంటల్లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు సమాచారం వెళ్లాలి, మెజిస్ట్రేట్ విచారణ జరుగుతుంది, మీ రికార్డులన్నీ అడుగుతారు. కనుక ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ (వృత్తిలో పొరపాటు చేశారన్న కేసులకు బీమా) తీసుకునేటప్పుడు నష్టపరిహారం ఎంత ఇస్తారనే దానికంటే, విచారణల్లో లాయరు ఖర్చు ఇస్తారా అన్నది ముందు అడిగి రాతపూర్వకంగా తెచ్చుకోండి. ఈ పాలసీలు సాధారణంగా క్లెయిమ్ వచ్చిన రోజున అమల్లో ఉంటేనే పనిచేస్తాయి. ఉద్యోగం మారినా మధ్యలో ఆపకుండా రెన్యూ చేస్తూ ఉండాలి.

డబ్బు ఖర్చులేని రక్షణ మీ చేతిలోనే ఉంది. ఖైదీ లోపలికి వచ్చినప్పుడు చేసే పరీక్షలో పాత దెబ్బలన్నీ రాయండి. ఎవరినైనా విశాఖలోని కేజీహెచ్ ఆసుపత్రికి పంపమని రాస్తే తేదీతో పాటు టైము కూడా వేయండి. ఎస్కార్ట్ దొరక్క ఆలస్యమైతే ఆ ఆలస్యం మీది కాదని చెప్పేది ఆ కాగితమే.

ఇక ఇల్లు. 65 లక్షల ఫ్లాటుకు బ్యాంకు 80 శాతం ఇస్తుంది. మిగతా 13 లక్షలు, స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కింద 7.5 శాతం కలిపి చేతిలో 18 లక్షలుండాలి. 8.5 శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల ఈఎంఐ 45,000 పైనే. ప్రైవేటుకు వెళ్లినా ఆ 18 లక్షలు కూడబెట్టడానికి సుమారు రెండేళ్లు పడుతుంది.

ఇక్కడే ఉంటే ఇలా చేయండి. మిగులు 47,000లో 7,000 కొత్త పాలసీలకు, 10,000 మీ ఎన్‌పీఎస్‌కు (పెన్షన్ పొదుపు పథకం), 30,000 ఆర్‌డీకి. మూడేళ్లలో ఆర్‌డీ దాదాపు 12 లక్షలవుతుంది. అప్పటికి మీ చదువు లోను కూడా తీరిపోతుంది, దాన్ని ముందే కట్టేయడానికి తొందరపడకండి. అప్పుడు 45 లక్షల లోపు రీసేల్ ఫ్లాట్ చూసుకుంటే ఈఎంఐ 31,000 చిల్లర. ఇప్పుడు కడుతున్న అద్దె, చదువు లోను కలిపితేనే 30,000. ఇంటికి రంగులూ, కప్‌బోర్డులూ అంటూ పైన పడే ఖర్చుకు బయట అప్పు చేయకుండా ఆ ఏడాది రిఫండ్ వాడుకోండి.

ఇంట్లో వాళ్లకు ఈ లెక్క కాగితం మీద చూపించండి. ఈ పనిలో కొనసాగడానికి మీరు చెల్లిస్తున్న ధర ఒక పడకగది, ఓ ఏడాది ఆలస్యం. ఆ ధర కట్టొచ్చా అన్నది మీరూ మీవారూ తేల్చుకోవాల్సిందే, కానీ కట్టగల స్తోమత మీకుంది. డాక్టర్ కోసం ఎక్కడికీ వెళ్లలేని మనుషులకు మీరు డాక్టర్. నా వరకు నేనైతే కట్టమనే చెబుతాను.

కాంట్రాక్టు రెన్యూ అయిన ప్రతిసారీ సర్వీస్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. రెగ్యులర్ సివిల్ అసిస్టెంట్ సర్జన్ పోస్టులకు ఏపీ మెడికల్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు నోటిఫికేషన్ పడితే తప్పక దరఖాస్తు చేయండి. అందులో కాంట్రాక్టు సర్వీసుకు వెయిటేజీ ఇస్తే ఆ కాగితాలు అక్కరకొస్తాయి.