శ్రీశైలం దారిలో కనిపించిన నత్త ఆఫ్రికాదా, మన అడవిదేనా?

శ్రీశైలం ఘాట్ రోడ్డు పక్కన వాన వెలిశాక రాళ్ల మీద గోధుమరంగు నత్త కనిపించిందనీ, గుల్ల బాగా వెడల్పుగా, పైన అణిగినట్టు ఉందనీ, ఉప్పు చల్లి చంపేయాలా అనీ అడిగారు. దయచేసి చంపకండి. బయటి నుంచి వచ్చి పంటలు తినే ఆఫ్రికా నత్త గుల్ల కోసుగా, పొడుగ్గా ఉంటుంది. మీరు చూసింది చాలావరకు క్రిప్టోజోనా అనే నత్త అయ్యుండాలి, మన దక్షిణాదిదే.

తూర్పు కనుమల్లో వానాకాలం తిరుగుతూ నత్తల ఫొటోలు తీయడం నాకు అలవాటు. రంగును మాత్రం నేను నమ్మను. ఎండలో పడి ఉన్న ఖాళీ గుల్ల తెల్లగా వెలిసిపోతుంది. ముందు గుల్లను తిప్పి నోరు, అంటే నత్త బయటికొచ్చే తెరుపు చూస్తాను. ఆఫ్రికా నత్తకు నోటి లోపలున్న నడిమి కాడ కింది అంచుతో కలవదు, టక్కున కోసేసినట్టు ఆగిపోతుంది. క్రిప్టోజోనాకు అడుగున మధ్యలో సన్నటి రంధ్రం ఉంటుంది. లెన్సుతో చూస్తే పైభాగం గరుకుగా, అడుగు నున్నగా కనిపిస్తుంది.

తర్వాత కొమ్ములు. నాలుగుండి, పై రెండింటి కొసన కళ్లుంటే ఒక రకం, ఆఫ్రికా నత్త, క్రిప్టోజోనా రెండూ ఇందులోవే. రెండే ఉండి, కళ్లు వాటి మొదట్లో ఉంటే నోటికి గట్టి మూత కూడా ఉంటుంది, అది సైక్లోఫోరస్ లాంటి వేరే గుంపు. ఎండాకాలంలో నోటికి అడ్డంగా ఎండిన తెల్లటి పొర కనిపిస్తే దాన్ని మూత అనుకోకండి, నిద్రలో ఉన్న నత్త కట్టుకున్నదది. పొలం గట్ల మీద దొరికే మూత ఉన్న పెద్ద గుల్లలైతే నీటి నత్తలు.

ఫొటో పైనుంచి ఒక్కటే తీస్తే ఎవరూ చెప్పలేరు. పైన, అడుగు, నోరు మూడూ తీయండి, పక్కన పది రూపాయల బిళ్ల పెట్టండి, అది 27 మిల్లీమీటర్లు. సెల్ఫీ కెమెరా వద్దు. కొన్ని ఫోన్లలో బొమ్మ అద్దంలోలా తిరగబడుతుంది, కుడిచుట్టు గుల్ల ఎడమచుట్టుగా కనిపిస్తుంది. పడమటి కనుమల్లోని అరియోఫాంటా అనే నత్తల్లో చాలావాటికి నిజంగానే ఎడమచుట్టు ఉంటుంది కాబట్టి పేరే మారిపోతుంది.

ఉత్త చేత్తో పట్టుకోవద్దు, కొన్ని నత్తల్లో ఎలుకల నుంచి వచ్చి మనిషి మెదడుకు హాని చేసే పురుగు ఉంటుంది. తాకితే సబ్బుతో కడుక్కోండి. శ్రీశైలం అడవి టైగర్ రిజర్వ్, ఖాళీ గుల్ల కూడా ఇంటికి తేకండి. ఆ మూడు ఫొటోలూ ఇక్కడ పెడితే చూసి చెప్తాను.